అనిమే, మాంగాల్లో వెక్కిరింతకు గురయ్యే అమెరికన్: ఆ మూసను పసిగట్టి తూకం వేసే పద్ధతి

పెద్ద గొంతు, పొడవాటి ముక్కు, మధ్యలో నొక్కుపడ్డ గడ్డం, చేతిలో హాంబర్గర్, ఒంటి మీద నక్షత్రాల జెండా, నోట్లో ‘ఓ మై గాడ్’. అనిమేలోనో (జపాన్ యానిమేషన్) మాంగాలోనో (జపాన్ కామిక్స్) ఇలాంటి అమెరికన్ ఎదురవగానే కొందరు ‘సరదాకే కదా’ అని వదిలేస్తారు. ఇంకొందరు ‘జపాన్‌వాళ్లకు అమెరికా అంటే పడదు’ అని తేల్చేస్తారు. రెండూ తొందరపాటు మాటలే. వెక్కిరింతల్లో చాలా రకాలున్నాయి. ఒక్కోటి ఒక్కో కాలంలో, ఒక్కో కారణంతో పుట్టింది. ఒక పాత్రను ముందు పెట్టుకుని అది ఏ రకం మూసో, కథకు దానితో ఏం పనో, అందులో అన్యాయం ఎంతో చెప్పగలిగే పద్ధతి ఇది. సమీక్షలు రాసేవాళ్లకు, సబ్‌టైటిళ్లు చేసేవాళ్లకు, సొంతంగా కామిక్స్ గీసేవాళ్లకు ఉపయోగపడుతుంది.

పద్ధతికి ఆయువుపట్టు ఒక్కటే. పాత్రకు అంటగట్టిన ప్రతి లోపం పక్కన దానికి ఎదురుగా ఉండే సుగుణం రాయండి. ఆ సుగుణం కథలో ఎవరికి దక్కిందో చూడండి. మిగతా పనంతా ఈ ఒక్క పని సరిగ్గా జరగడానికే.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

మొట్టమొదట జపనీస్ ఆడియో కావాలి. డబ్బింగ్ చూసి మూస గురించి రాయకూడదు. కార్డులాటల పోటీల కథ ‘యు-గి-ఓ’లో పెగాసస్ జె. క్రాఫోర్డ్ అనే అమెరికన్ కోటీశ్వరుడు ఉంటాడు. జపనీస్‌లో అతను వాక్యం మధ్యలో ఇంగ్లీషు ముక్కలు దూరుస్తూ, చివరి మాటను సాగదీస్తూ మాట్లాడతాడు. ఎదుటివాణ్ని ‘యుగి బాయ్’ అని పిలుస్తాడు. ఇంగ్లీషు డబ్బింగ్‌లో అందరూ ఇంగ్లీషే మాట్లాడతారు కాబట్టి అతని మాటతీరులోని పరాయితనం కనిపించకుండా పోతుంది. మిగిలేది ఒక విలాసపురుషుడు. మీరు వెతుకుతున్న వస్తువే మాయమైతే ఇక తూకం వేయడానికి ఏముంటుంది?

ఎంత చూడాలన్నది రెండో సంగతి. ఒక సీజన్ విడత సాధారణంగా 12 లేదా 13 ఎపిసోడ్లు, ఒక్కోటి దాదాపు 24 నిమిషాలు. అంతా మళ్లీ చూడక్కర్లేదు. ఆ పాత్ర తొలిసారి వచ్చే ఎపిసోడ్, అతని బలం బాగా కనిపించే ఎపిసోడ్, కథలోంచి అతను వెళ్లిపోయే ఎపిసోడ్, ఈ మూడూ పూర్తిగా చూడండి. మాంగా అయితే వారపత్రికల్లో ఒక అధ్యాయం 19 పేజీలకు అటూ ఇటూ ఉంటుంది. అక్కడా అవే మూడు చోట్లు. ఇంటర్నెట్‌లో తిరిగే చిన్న క్లిప్పులు మాత్రం వద్దు. వాటిని ఏరిందే నవ్వు తెప్పించడానికి. పాత్ర మారిన ఘట్టాలు వాటిలో ఉండవు.

మూడోది ఒక పట్టిక. అందులో ఆరు గడులు: సమయం లేదా పేజీ, రూపం, మాట, చేసిన పని, ఎవరు ఎలా స్పందించారు, ఫలితం. ఐదో గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. నిజానికి అదే ముఖ్యం. అమెరికన్ గట్టిగా నవ్వినప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు మొహం తిప్పుకుంటున్నారా, కలిసి నవ్వుతున్నారా అన్నది చూస్తేనే కథ ఎవరి పక్షాన ఉందో తెలుస్తుంది. 25 వరుసలు నిండితే ఒక పాత్రకు సరిపోతుంది. పదిలోపే ఆగిపోతే మీ దగ్గరున్నది మూసకు సాక్ష్యం కాదు, ఒక అభిప్రాయం మాత్రమే.

అసలు అమెరికనేనా?

బంగారు జుట్టు, నీలి కళ్లు చూసి అమెరికన్ అనుకోవడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. అనిమేలో జుట్టు రంగు జాతిని చెప్పదు. పాత్రల్ని వేరుచేసి చూపడానికి, స్వభావాన్ని సూచించడానికి వాడతారు. అచ్చ జపనీస్ విద్యార్థికి గులాబీ జుట్టు ఉండొచ్చు. పరాయివాడని చెప్పాలంటే చిత్రకారులు ముక్కు, దవడ, ఎత్తు, పెదవుల మీద ఆధారపడతారు. జుట్టును పక్కనపెట్టి ఈ నాలుగూ చూడండి.

వాక్యం చివర మర్యాదకు వచ్చే ‘దేసు’ అనే మాటను ‘దేఏసు’ అని సాగదీయడం వినగానే అమెరికన్ అనుకోవడం ఇంకో పొరపాటు. ‘కంతాయ్ కలెక్షన్’లో అలా మాట్లాడే కొంగో, బ్రిటన్‌లో తయారై 1913లో జపాన్ నౌకాదళంలో చేరిన యుద్ధనౌకకు అమ్మాయి రూపం. ‘కినిరో మొజాయిక్’లో అలాగే మాట్లాడే కారెన్ సగం బ్రిటిష్. ఆ మాటతీరు పాశ్చాత్యులందరికీ ఉమ్మడిగా అంటించే ముద్ర. అమెరికన్ అని రాయాలంటే కథలోనే ఊరి పేరో, జెండానో, సైన్యమో, నేరుగా చెప్పిన మాటో దొరకాలి.

కొన్ని కథల్లో పేరు ఒకటి, స్థానం ఇంకొకటి. 2006 నాటి ‘కోడ్ గియాస్’లో జపాన్‌ను ఆక్రమించి దాని పేరునే చెరిపేసి ‘ఏరియా 11’ అని అంకె తగిలించే సామ్రాజ్యం బ్రిటానియా. పేరులో బ్రిటన్ ఉన్నా దాని రాజధాని ఉత్తర అమెరికాలో ఉంటుంది. ఇలాంటివాటికి విడిగా ఒక పట్టిక పెట్టుకోండి. నేరుగా అమెరికన్ అని చెప్పిన పాత్రలతో కలిపేస్తే లెక్క చెడుతుంది.

చెవి పెట్టి వినాల్సినవి

జపనీస్ రాకపోయినా ఈ భాగం చేయొచ్చు. మామూలు మాటల్లో ‘దేసు’ చివరి ‘ఉ’కారం దాదాపు వినబడదు, ‘దెస్’ అన్నట్టు ముగుస్తుంది. మూస అమెరికన్ నోట అది ‘దేఏసు’ అని పూర్తిగా, సాగుతూ పలుకుతుంది. పైగా క్రియను మర్యాద రూపంలోకి మార్చకుండా దాని చివర ‘దేసు’ తగిలిస్తారు. ‘వెళ్తాను’ అనాలంటే సక్రమమైన మర్యాద రూపం ‘ఇకిమసు’. మూస పాత్ర ‘ఇకు దేఏసు’ అంటుంది. ‘నేను’ బదులు ‘మీ’, ‘నువ్వు’ బదులు ‘యూ’ అనడం, పరిచయమైన క్షణంలోనే గౌరవ ప్రత్యయం లేకుండా మొదటి పేరుతో పిలవడం కూడా ఇదే కోవలోవి. ఇలా ఒక వర్గానికి కథల్లో అంటగట్టే మాటతీరును జపాన్ భాషావేత్తలు ‘యాకువారిగో’ అంటారు. కిన్సుయి సతోషి దాని మీద విస్తృతంగా పరిశోధించారు. నిజజీవితంలో జపనీస్ మాట్లాడే అమెరికన్లు ఇలా మాట్లాడరు. పాఠకుడు మాత్రం ఒక్క వాక్యంతోనే పోల్చుకుంటాడు.

మాంగాలో ఇదంతా అక్షరాల్లో కనిపిస్తుంది. జపనీస్‌లో మామూలుగా హిరగానా లిపిలో రాసే ముక్కల్ని కూడా, పరభాషా పదాలకు వాడే కతకానా లిపిలో రాస్తే ‘యాసతో మాట్లాడుతున్నాడు’ అని అర్థం. నవ్వును రోమన్ అక్షరాల్లో పెద్దగా గీస్తే అది అమెరికన్ నవ్వు. వీటికన్నా విలువైన ఆనవాలు మరొకటుంది. బుడగలో అక్షరాలు నిలువుగా కాకుండా అడ్డంగా ఉంటే, లేదా మాటల్ని కోణాకారపు కుండలీకరణాల్లో పెడితే, ఆ పాత్ర పరభాషలో మాట్లాడుతోందని, పాఠకుడి కోసం దాన్ని జపనీస్‌లో చూపిస్తున్నారని లెక్క. అలాంటి చోట అమెరికన్ అనర్గళంగా, తెలివిగా మాట్లాడతాడు. అదే మనిషి జపనీస్‌లో మాట్లాడితే పసిపిల్లాడిలా కనబడతాడు. రచయిత ఈ రెండిట్లో దేన్ని ఎంచుకున్నాడో పట్టికలో రాయండి. రెండూ ఉంటే ఏ సన్నివేశంలో ఏది వచ్చిందో రాయండి. గంభీర ఘట్టంలో ముద్ద మాటలు పెట్టి నవ్వించారంటే వెక్కిరింత బరువు పెరిగినట్టే.

సబ్‌టైటిళ్లు చేసేవాళ్లకు ఇక్కడే చిక్కు. ‘దేఏసు’ను మామూలు వాక్యంగా మార్చేస్తే పాత్ర రుచి పోతుంది, విరిగిన భాషగా మారిస్తే మూలంలో లేని తెలివితక్కువతనం అంటుకుంటుంది. వ్యాకరణం సరిగ్గా ఉంచి, ఒకటి రెండు పదాలు, పిలుపులు మాత్రం పరాయిగా వదలడం నయం.

రూపం

దీని మీద ఎక్కువసేపు గడపక్కర్లేదు. మొదటి చూపులోనే పట్టుబడే భాగం ఇది. పొడవాటి ముక్కు చాలా పాతది. 1853లో అమెరికా నౌకాదళ అధికారి కమొడోర్ పెర్రీ నల్ల ఓడలతో వచ్చినప్పటి చిత్రాల్లో కొన్ని అతన్ని తెంగూ అనే పొడుగుముక్కు భూతంలా చూపాయి. 1964లో మొదలైన ‘సైబోర్గ్ 009’లో న్యూయార్క్ కుర్రాడు 002కు కూడా ఆ ముక్కే ప్రధాన గుర్తు. అతను వీధి ముఠా నుంచి వచ్చినవాడు కూడా. ఆడపాత్రలకైతే ఎత్తైన ఒళ్లు, జెండా బొమ్మల బికినీ, అడక్కుండానే కౌగిలింతలు, ముద్దులు. రూపం ఒక్కటే ఉండి మాటలో, పనిలో మూస లేకపోతే పట్టికలో నమోదు చేసి ముందుకు సాగండి.

ఏ రకమో తేల్చడం

అందర్నీ ఒకే గాటన కట్టేస్తే విశ్లేషణ అక్కడే ఆగిపోతుంది. ఎక్కువగా కనిపించే రకాలు ఐదు. వాటి మూలాలు తెలిస్తే మీ ముందున్న పాత్ర దేని సంతతో చెప్పడం తేలిక.

మొదటిది యుద్ధకాలపు రాక్షసుడు. 1943లో నౌకాదళం అండతో సెవో మిత్సుయో తీసిన ‘మొమొతారో నో ఉమివాషి’ పెర్ల్ హార్బర్ దాడిని జానపద కథగా మార్చింది. జానపదంలోని రాక్షసద్వీపమే హవాయి. అందులో తాగి తూలే శత్రువు అమెరికన్ ‘పొపాయ్’ కార్టూన్లలోని విలన్ బ్లూటోను పోలి ఉంటాడు. శత్రువును ఎగతాళి చేయడానికి శత్రువు కార్టూనునే అరువు తెచ్చుకున్నారన్నమాట. ఈ రకం యుద్ధంతోనే దాదాపు అంతరించింది. ఈనాటి పాత్రల్ని దీనితో ముడిపెట్టే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

రెండోది ఆక్రమణ సైనికుడు. 1945 నుంచి 1952 ఏప్రిల్ 28 వరకు జపాన్ మిత్రపక్షాల పాలనలో ఉంది. 1945 సెప్టెంబరులో వచ్చిన ప్రెస్ కోడ్ ప్రకారం ఆ సైన్యాన్ని విమర్శిస్తూ అచ్చువేయడం కుదరదు. అప్పట్లో చెప్పలేని మాటలు తర్వాతి దశాబ్దాల మాంగాల్లో బయటికొచ్చాయి. జీపు, చూయింగ్ గమ్, ‘గివ్ మీ చాక్లెట్’ అంటూ వెంటపడే పిల్లలు ఆ బొమ్మలో భాగాలు. ఇక్కడ అమెరికన్ ఉదారంగానే ఇస్తాడు. ఇస్తున్న తీరులో అవమానం ఉంటుంది. అతని దగ్గర అన్నీ ఉన్నాయి, వీళ్ల దగ్గర ఏమీ లేదు. ఆ బాధను అర్థం చేసుకోకుండా ‘అమెరికన్లను డాబుగా చూపారు’ అని రాస్తే అన్యాయం చేసినట్టే.

మూడోది బరిలోని ప్రతినాయకుడు. అన్నిటికన్నా ఎక్కువ సంతానం దీనికే ఉంది కాబట్టి కాస్త ఆగి చూడాలి. 1954 ఫిబ్రవరిలో తోక్యోలోని కురమాయే కొకుగికాన్‌లో రికిదోజాన్, కిమురా మసహికో జోడీ షార్ప్ సోదరులతో కుస్తీ పడింది. వీధుల్లో పెట్టిన టీవీల ముందు జనం విరగబడి చూశారు. భారీకాయులు దొంగదెబ్బలు తీస్తారు, చిన్నవాడు ఓర్చుకుని ఓర్చుకుని చివరికి కరాటే దెబ్బతో కొడతాడు. యుద్ధంలో ఓడిన దేశం ఆ దృశ్యాన్ని ఎలా అందుకుని ఉంటుందో ఊహించవచ్చు. కానీ వివరాలు చూడండి: అమెరికన్లుగా జనం అనుకున్న షార్ప్ సోదరులు కెనడావాళ్లు. జపాన్ వీరుడిగా నీరాజనాలందుకున్న రికిదోజాన్ కొరియాలో పుట్టినవాడు. మూస నడవడానికి నిజమైన అమెరికన్ అక్కర్లేదు, నిజమైన జపనీస్ కూడా అక్కర్లేదు. పాత్రలు నిండితే చాలు. క్రీడల మాంగాల్లో కనిపించే పెద్ద ఒళ్లు, పెద్ద నోరు, కుటిలపు ఆట ఉన్న ప్రత్యర్థి ఈ బరి నుంచే దిగాడు. పేక పోటీలో మోసం చేసే ‘యు-గి-ఓ’ బ్యాండిట్ కీత్, తలకు జెండా గుడ్డ కట్టుకుని, ఆ వంశంవాడే.

నాలుగోది రాజ్యం ముఖంగా వచ్చే అమెరికన్: సీఐఏ అధికారి, పెంటగాన్ జనరల్, అధ్యక్షుడు. ఐదోది గోలచేసే స్నేహితుడు: బదిలీ విద్యార్థిని, సైనిక స్థావరం నుంచి వచ్చిన కుర్రాడు, దేశాలనే మనుషులుగా చూపే ‘హెటాలియా’లో హాంబర్గర్ తింటూ తానే హీరోనని చాటుకునే అమెరికా. ఈ ఐదో రకంలో ద్వేషం దాదాపు ఉండదు. అతని నేరమల్లా ఒక్కటే, ఎదుటివాళ్లు చెప్పకుండా వదిలేసింది గ్రహించలేకపోవడం.

ఒక పాత్ర రెండు రకాల్లో పడొచ్చు, ఒక రకం నుంచి ఇంకో రకానికి జారొచ్చు. 1979లో మొదలైన ‘కిన్నికుమాన్’లో టెక్సాస్ మల్లుడు టెర్రీమాన్ మొదట డబ్బు మనిషిగా, అహంకారిగా వస్తాడు. తర్వాత నాయకుడికి ప్రాణమిత్రుడవుతాడు. తొలి అధ్యాయం చదివి తీర్పు రాసినవాళ్లు సగం పాత్రనే చూసినట్టు.

ఎదురు సుగుణం పరీక్ష

ఇప్పుడు అసలు పని. పట్టికలోంచి లోపాలన్నీ ఒక కాగితం మీద ఎడమ పక్కన దించండి. కుడి పక్కన ఒక్కోదానికి ఎదురు సుగుణం రాయండి. అరుపుకు నిగ్రహం, ఒంటి బలానికి నేర్పు, డబ్బుకు పొదుపు, ‘నేను’కు జట్టు, మొహం మీద అనేయడానికి మనసెరిగి మసలడం. తర్వాత ఆ సుగుణం కథలో ఎవరి దగ్గరుందో పేరు రాయండి.

‘కురోకో నో బాస్కే’ చివరి భాగంలో, 2017లో సినిమాగా వచ్చిన కథలో, జాబర్‌వాక్ అనే అమెరికన్ వీధి బాస్కెట్‌బాల్ జట్టు జపాన్ కుర్రాళ్లను ఓడించి, కోతులతో పోల్చి హేళన చేస్తుంది. ఎడమ పక్కన అహంకారం, జాతి దూషణ, పశుబలం. కుడి పక్కన వినయం, ఒకరినొకరు నమ్ముకోవడం, సాధన. ఈ మూడూ గుండుగుత్తగా జపాన్ జట్టుకే దక్కాయి. అసలు కథంతా ఈ కుర్రాళ్ల మధ్య పోటీలూ అహంభావాలే. వాళ్లను ఒక్క జట్టుగా కట్టాలంటే వాళ్లందరికన్నా అహంకారి ఒకడు కావాల్సి వచ్చింది. అమెరికన్ జట్టు ఆ అవసరానికి పుట్టింది. ఇలా కుడి పక్క సుగుణాలన్నీ ఒకే జాతి చేతిలో పడితే మూస గట్టిదని రాయవచ్చు.

పాఠశాల అమ్మాయిలు ట్యాంకులతో పోటీపడే ‘గర్ల్స్ ఉండ్ పాంజర్’లో (2012) సాండర్స్ పాఠశాల అమెరికాకు అనుకరణ. డబ్బుంది, షెర్మన్ ట్యాంకులు లెక్కలేనన్ని ఉన్నాయి, గొంతులు పెద్దవి. అక్కడి అలీసా ప్రత్యర్థుల రేడియో మాటల్ని దొంగచాటుగా వింటుంది. ఎడమ పక్కన మోసం, డాబు. కుడి పక్కన నిజాయితీ. ఆ నిజాయితీ ఎవరిదంటే, కే అనే సాండర్స్ నాయకురాలిదే. సంగతి తెలియగానే అలీసాను మందలించి, ప్రత్యర్థి దగ్గరున్నన్ని ట్యాంకులతోనే బయల్దేరుతుంది. మరోపక్క జపాన్ అమ్మాయిలు రేడియోలో అబద్ధాలు చెబుతూ ఫోన్లలో అసలు ఆదేశాలు పంపుకుంటారు. యుక్తి ఇటువైపు, ధర్మం అటువైపు. రూపంలో మూస నిండుగా ఉన్నా పరీక్షలో తేలిపోయింది.

తూకానికి నాలుగు ప్రశ్నలు వేసుకోండి. కథలో వేరే స్వభావం ఉన్న ఇంకో అమెరికన్ ఉన్నాడా? ఇతని ప్రవర్తనకు కారణం చూపారా? మారడానికో, మర్యాదగా గెలవడానికో అవకాశం ఇచ్చారా? నవ్వు అతను చేసిన పని మీదా, లేక అతను అమెరికన్ కావడం మీదా? మొదటి మూడింటికీ ‘లేదు’, నాలుగోదానికి ‘కావడం మీద’ అని వస్తే బరువు పూర్తిగా ఉన్నట్టు.

ఈ ప్రశ్నలు లేకపోతే అమెరికన్ ఫుట్‌బాల్ మాంగా ‘ఐషీల్డ్ 21’ విషయంలో తప్పు తూకం వస్తుంది. అందులో నాసా ఏలియన్స్ అనే అమెరికన్ జట్టు కోచ్ అపోలో మాటలు చాలా అసహ్యంగా ఉంటాయి. జపనీయుల్ని దూషిస్తాడు, నల్లజాతి ఆటగాడు పాంథర్‌ను కావాలని బరిలోకి దించడు. అయితే ఆ పాంథర్ అమెరికనే, కథ అతన్ని ప్రేమగా చూస్తుంది. పాంథర్‌ను ఆడించమని తోటి అమెరికన్ ఆటగాళ్లే బతిమాలతారు. అపోలో కడుపుమంటకు అతని పాత వృత్తి జీవితంలో కారణం చూపారు. చివరికి అతను మెత్తబడతాడు. మాటల ఘాటును కొలిస్తే అపోలో, జాబర్‌వాక్ ఒక్కటే. ప్రశ్నల్లో పెడితే జాబర్‌వాక్ నాయకుడు నాష్‌కు కారణమూ లేదు, మార్పూ లేదు. మూస బరువు అక్కడే ఎక్కువ.

రాజ్యం మీద కోపాన్ని విడిగా తీయడం

అమెరికా ప్రభుత్వాన్నో సైన్యాన్నో విమర్శించే కథను ‘అమెరికన్ల మీద మూస’ ఖాతాలో వేయకూడదు. నకజవా కేజి 1973లో మొదలుపెట్టిన ‘హదాషి నో గెన్’లో అణుబాంబు బాధితుల్ని పరీక్షించే అమెరికన్ సంస్థ ఏబీసీసీ మీద తీవ్రమైన కోపం ఉంది. ఆ సంస్థ నిజంగా ఉండేది. బాధితులకు పరీక్షలు చేసేది, చికిత్స చేయడం దాని విధానంలో లేదు. పైగా అదే మాంగా జపాన్ సైనికవాదాన్నీ చక్రవర్తినీ అంతే కోపంతో నిలదీస్తుంది. ఒకినావా కథల్లో అమెరికన్ సైనికుడు బెదురు పుట్టించేలా ఉంటే దాని వెనకా లెక్క ఉంది: దేశ భూభాగంలో 0.6 శాతమే ఉన్న ఆ దీవుల్లో, జపాన్‌లో అమెరికా సైన్యం ప్రత్యేకంగా వాడుకునే స్థావరాల విస్తీర్ణంలో దాదాపు 70 శాతం ఉంది. ముందు ఆ సంఘటన, ఆ సంస్థ నిజంగా ఉన్నాయా అని వెతకండి. ఉంటే అది సాక్ష్యం. లేకపోతేనే మూస గురించి ఆలోచించండి.

కల్పిత రాజ్యవిమర్శలో మళ్లీ తేడాలున్నాయి. ‘గేట్’లో వేరే లోకం నుంచి జపాన్‌కు వచ్చిన అతిథుల్ని ఎత్తుకుపోవడానికి అమెరికా ప్రత్యేక దళం వస్తుంది. కానీ రష్యా, చైనా దళాలు కూడా అదే రాత్రి అదే పనికి వస్తాయి. అక్కడ జపాన్ ఒక్కటే నీతిమంతురాలు, మిగతావన్నీ గద్దలు. లోపం అమెరికా మూసలో కన్నా జపాన్‌కు ఇచ్చుకున్న మెప్పులో ఉంది. ‘బాకి’లో హన్మా యుజిరో అనే ఒంటరి యోధుడి జోలికి రాబోమని అమెరికా అధ్యక్షులే ప్రమాణం చేస్తారు. అది యుజిరో బలానికి కొలబద్ద. ప్రపంచంలో అతి పెద్ద శక్తి అమెరికా అని ఒప్పుకుంటేనే ఆ వెక్కిరింత పనిచేస్తుంది.

నల్లజాతి అమెరికన్లను వేరే పట్టికలో పెట్టండి

పైన చెప్పిన మూసలన్నీ బలవంతుడి మీద బలహీనుడు వేసిన బొమ్మలు. నల్లజాతివాళ్ల విషయంలో అలా కాదు. ఉబ్బిన పెదవులు, గుండ్రటి తెల్ల కళ్ల బొమ్మ అమెరికా, యూరప్‌ల పాత వెక్కిరింపు చిత్రాల నుంచి నేరుగా దిగుమతి అయింది. దాని మీద జపాన్‌లోనే అభ్యంతరాలు లేచాయి. 1988లో ఒసాకా ప్రాంతం నుంచి నల్లజాతి వివక్షకు వ్యతిరేకంగా మొదలైన పౌర ఉద్యమం తర్వాత ఒక ప్రసిద్ధ పిల్లల బొమ్మల పుస్తకాన్ని ప్రచురణకర్తలు వెనక్కి తీసుకున్నారు. 1990 తర్వాత ప్రసిద్ధ మాంగా రచయిత తేజుకా ఒసాము సంపుటాల్లో ఆ బొమ్మల గురించి పాఠకులకు వివరణ చేర్చడం మొదలైంది. పాత మాంగా పరిశీలిస్తుంటే చివరి పేజీల్లో అలాంటి వివరణ ఉందో లేదో చూడండి, ఏ ముద్రణో రాసుకోండి. తర్వాతి ముద్రణల్లో బొమ్మ మారి ఉండొచ్చు కూడా.

పొరుగు పాత్రలతో పోల్చడం

అమెరికన్‌ను ఒంటరిగా చూస్తే ఎప్పుడూ బరువు ఎక్కువే తూగుతుంది. దేశాల తరఫున భారీ యంత్రమనుషులు పోరాడే 1994 నాటి ‘జి గుండమ్’లో నియో అమెరికా యంత్రం బాక్సింగ్ గ్లవ్స్, ఫుట్‌బాల్ భుజకవచాలు, సర్ఫ్‌బోర్డు, రివాల్వర్ అన్నీ ఒకేసారి మోస్తుంది. ఘోరంగా అనిపిస్తుంది. అదే కథలో నియో హాలండ్ యంత్రం గాలిమర, నియో మెక్సికో యంత్రం నెత్తిన సొంబ్రేరో. అన్ని దేశాల్నీ ఒకే పద్ధతిలో బొమ్మలు చేశారు. పైగా అమెరికన్ యోధుడు చిబోడీ క్రాకెట్‌కు చిన్ననాటి గాయం ఇచ్చి మనిషిని చేశారు. కాబట్టి కనీసం ఇంకో ఇద్దరు విదేశీయులకు, ఒక జపనీస్ పాత్రకు అవే నాలుగు ప్రశ్నలు వేయండి. జపనీస్ పాత్రను కూడా అంతే దయలేకుండా గీసి ఉంటే ఆ సంగతి రాయడం మీ బాధ్యత.

ఫలితం రాసే తీరు

ఒక పాత్రకు ఐదారు వాక్యాలు చాలు. సంవత్సరం, రకం, రూపంలోనూ మాటలోనూ దొరికిన ఆనవాళ్లు, ఎదురు సుగుణం ఎవరిదో, నాలుగు ప్రశ్నల జవాబు, బరువు. ‘జపాన్‌వాళ్లు అనుకుంటారు’ అని ఎక్కడా రాయకండి. ఈ రచయిత, ఈ పత్రిక, ఈ సంవత్సరం అని రాయండి. పోర్కో అనే ఇటాలియన్ విమాన చోదకుడి కథ ‘పోర్కో రోసో’ సినిమాలోని అమెరికన్‌కు రాస్తే ఇలా ఉంటుంది:

డొనాల్డ్ కర్టిస్, 1992. బరిలోని ప్రతినాయకుడి రకం. పెద్ద గడ్డం, బడాయి, కనిపించిన ప్రతి అమ్మాయినీ వెంటనే ప్రేమించేయడం, హాలీవుడ్ నటుణ్నై ఆపైన అధ్యక్షుణ్నవుతానని చెప్పుకోవడం ఆనవాళ్లు. పేరు మీద మోజుకు ఎదురు సుగుణం పేరంటే లెక్కలేనితనం, అది పోర్కోది. అతను ఇటాలియన్, జపనీస్ కాదు. కథలో వేరే స్వభావం ఉన్న అమెరికన్ లేడు. అతని ఆరాటానికి ప్రత్యేకంగా కారణం చూపలేదు. గెలవడానికి మాత్రం అవకాశం ఉంది: మొదటి పోరులో పోర్కో విమానాన్ని కూల్చింది అతనే, ముష్టియుద్ధంలో చివరిదాకా సమానంగా నిలుస్తాడు, ఆ తర్వాత ఇటలీ వైమానిక దళాన్ని దారి మళ్లించడానికి పోర్కోకు తోడు వెళ్తాడు. నవ్వు అతని బడాయి మీద, దేశం మీద కాదు. కథలో నిజంగా భయపెట్టేది అమెరికన్ కాదు, ఫాసిస్టు పోలీసులు. రూపంలో మూస పూర్తిగా ఉంది, బరువు తేలిక.